పతకాల లెక్క చెప్పారు, కూలి లెక్క చెప్పలేదు

మళ్ళీ ఆసియా క్రీడల మాట వినబడుతున్నది. 2023లో చైనాలోని హాంగ్జౌ నగరంలో జరిగిన క్రీడల్లో మన దేశానికి 107 పతకాలు వచ్చాయి. తర్వాతి క్రీడలను 2026 సెప్టెంబరు 19 నుంచి జపానులోని ఐచి-నగోయాలో జరపాలని నిర్ణయించారు. పోయినసారి నూరు దాటాం కాబట్టి ఈసారి ఇంకా పైకి పోవాలని ఎవరికైనా ఉంటుంది. మాకూ ఉన్నది.

ఈ మధ్య ఒక ఊళ్ళో కూలి రేట్ల మీద సంఘం సమావేశం జరుగుతుంటే వెనక కూర్చున్న కుర్రాడొకడు లేచి, "అన్నా, ఎప్పుడు చూసినా కూలి, భూమి, రేషను. ఆటల గురించి మీ సంఘం ఒక్క మాట కూడా మాట్లాడదేం? అది మనకు పట్టని సంగతా?" అని అడిగాడు. పెద్దవాళ్ళు కసురుకున్నారు. కాని అడిగింది సబబైన ప్రశ్న. అప్పటికి తోచింది నాలుగు ముక్కలు చెప్పి కూర్చోబెట్టాం. తర్వాత ఆలోచిస్తే చెప్పాల్సిందంతా మిగిలే పోయిందనిపించింది. ఆ కుర్రాడికి బాకీపడ్డ జవాబు ఇక్కడ రాస్తున్నాం.

ముందు లెక్క చూద్దాం. హాంగ్జౌలో పోటీలు ముగిసేనాటికి మనకు బంగారు పతకాలు 28, వెండి 38, కంచు 41. దేశాల వరసలో నాలుగో స్థానం. మొదట నిలిచిన చైనాకు 201 బంగారు పతకాలతో కలిపి మొత్తం 383. జపానుకు బంగారం 52, దక్షిణ కొరియాకు 42. ఆ రెండూ జనాభాలో మన ముందు చిన్న దేశాలు. అయినా 2018లో జకార్తాలో వచ్చిన 70 నుంచి అయిదేళ్ళలో 107కు పెరగటం చిన్న సంగతేమీ కాదు. 1990లో బీజింగులో మనకొచ్చింది ఒకే ఒక్క బంగారు పతకం, అదీ కబడ్డీలో. ఇదంతా పాలకుల ఆర్భాటమేనండీ అని కొట్టిపారేసే మిత్రులు కొందరున్నారు. వాళ్ళతో మేము ఏకీభవించం. ఆర్భాటం పాలకులదే కావచ్చు, పరుగెత్తింది మాత్రం మనవాళ్ళు.

ఎందుకు మనవాళ్ళంటున్నామో చెప్తాం. ఆ నూటేడులో 29 అథ్లెటిక్సులో వచ్చినవే. అంటే పరుగులు, నడకలు, దూకటాలు, విసరటాలు. ఇంకే ఆటలోనూ అన్ని రాలేదు. తుపాకి పోటీల్లో 22 వచ్చాయి గాని దానికి తుపాకి కావాలి, తూటాలు కావాలి, కాల్చటానికి జాగా కావాలి. గుర్రపు స్వారీలో 41 ఏళ్ళ తర్వాత మళ్ళీ బంగారం వచ్చింది. మంచిదే, మాకేం అక్కసు లేదు, కాని గుర్రాన్ని మేపగలిగే ఇళ్ళు దేశంలో ఎన్ని? పరుగుకు కావల్సింది కాళ్ళు, ఊపిరి, తిండి. మొదటి రెండూ కూలి ఇళ్ళల్లో దండిగానే ఉన్నాయి. మూడోదాని దగ్గరే పేచీ.

ఉత్తరప్రదేశ్‌లో సోన్‌భద్ర అనే జిల్లా ఉన్నది. బొగ్గు గనులు, కరెంటు తయారుచేసే పెద్ద పెద్ద కేంద్రాలు అక్కడున్నాయి. ఆ వెలుగు దేశానికి పోతుంది, ఊళ్ళు మాత్రం పేదవే. ఆ జిల్లాలో కూలి చేసుకుని బతికే ఇంట్లో పుట్టినవాడు రామ్ బాబూ. వారణాసిలో హోటల్లో సర్వరుగా పనిచేశాడు. నడక పోటీల్లో దిగి సాధన చేస్తుంటే 2020లో కరోనా వచ్చింది, లాక్‌డౌన్ పెట్టారు. సాధన ఆగిపోయింది, ఇంటికి చేరాడు. ఇంట్లో గడవక తండ్రితో కలిసి ఉపాధి హామీ పనికి పోయి చెరువు మట్టి తవ్వాడు. మన ఊళ్ళల్లో ఇప్పటికీ కరువు పని అనే అంటారు చూడండి, ఆ పని. పార, గడ్డపార, తట్ట.

మూడేళ్ళు తిరిగాక, 2023 అక్టోబరు 4న ఆ మనిషే హాంగ్జౌలో 35 కిలోమీటర్ల నడకలో మంజు రాణితో కలిసి దేశానికి కంచు పతకం తెచ్చాడు. ఒక మగ, ఒక ఆడ జట్టుగా దిగుతారు, ఇద్దరూ చెరో 35 కిలోమీటర్లు నడవాలి, ఇద్దరి టైమూ కలుపుతారు. వీళ్ళిద్దరికీ కలిపి 5 గంటల 51 నిమిషాల 14 సెకన్లు పట్టింది. నడకే కదా అనుకోవద్దు. ఏదో ఒక పాదం ఎప్పుడూ నేల మీద ఉండాలి. ముందుకు వేసిన కాలు నేలను తాకింది మొదలు నిటారుగా వచ్చేదాకా మోకాలు వంగరాదు. దారి పొడుగునా జడ్జీలు నిలబడి ఇదే చూస్తుంటారు. తప్పు మీద తప్పు పడితే పోటీలో నుంచి తీసేస్తారు. మన దగ్గర గుంతల కొలతలు వేసేవాళ్ళకంటే వాళ్ళే గట్టివాళ్ళు.

రామ్ బాబూ మట్టి తవ్విన ఆ సంవత్సరం ఉత్తరప్రదేశ్‌లో ఉపాధి కూలి రోజుకు 201 రూపాయలు. మన రెండు రాష్ట్రాల్లో 237. అదీ కొలత పూర్తిగా వస్తే. గట్టినేల తగిలితే చేతికి ఎంత వస్తుందో, అదైనా ఎన్ని వారాలకు బ్యాంకులో పడుతుందో మీకు మేము చెప్పక్కర్లేదు. ఆ డబ్బుతో ఇంటిల్లిపాదికీ పిండి, పప్పు, నూనె కొన్నాక 35 కిలోమీటర్లు నడిచేవాడికి పాలు, గుడ్లు, మాంసం ఎక్కడి నుంచి వస్తాయి? కూలివాడు పతకం తెచ్చాడు చూడండి, పట్టుదల ఉంటే పేదరికం అడ్డంకి కాదు అని పెద్ద పత్రికలు మెచ్చుకుంటూ రాశాయి. ఆ మెచ్చుకోలు మాకు మింగుడుపడలేదు. పేదరికం అడ్డంకి కాకపోతే ఆ ఏడాది ఆయన సాధన ఎందుకు ఆగింది? మట్టి తవ్వటం నామోషీ అని మేము అనటం లేదు, మన బతుకే అది. తవ్వినదానికి ఒంటికి సరిపడా తిండి రాకపోవటమే మా అభ్యంతరం. ఆ పనికూడా లేకపోతే ఆ ఇంట్లో పొయ్యి ఎలా వెలిగేదో! 2005 నాటి ఆ చట్టాన్ని తీసేసి 2025 డిసెంబరులో పార్లమెంటు వేరే చట్టం చేసింది. పనిదినాలు నూరు నుంచి 125కు పెంచామని చెప్తూనే, ఖర్చులో నూటికి 40 వంతులు చాలా రాష్ట్రాల నెత్తిన పెట్టింది. వ్యవసాయ పనుల రోజుల్లో 60 రోజుల దాకా పని ఆపే వీలు కల్పించింది. దాని సంగతి విడిగా రాయాలి, ఇక్కడ చాలదు.

రామ్ బాబూ ఒక్కడే అయితే ఏదో వింత అనుకోవచ్చు. మహారాష్ట్రలో బీడ్ జిల్లా చెరుకు కొట్టే కూలీల వలసలకు పేరుమోసింది. ఆ జిల్లా మాండ్వా ఊరివాడు అవినాశ్ సాబ్లే. తల్లిదండ్రులు ఇటుక బట్టీలో పనిచేసినవాళ్ళు. చిన్నప్పుడు ఆరు కిలోమీటర్ల దూరం ఉన్న బడికి నడిచి, పరుగెత్తి పోయేవాడు. పన్నెండో తరగతి కాగానే సైన్యంలో చేరాడు. పోటీల్లో పరుగెత్తటం అక్కడ చేరాకే పట్టుబడింది. అడ్డకర్రలు, నీటి గుంట దూకుతూ పరుగెత్తే 3000 మీటర్ల స్టీపుల్‌ఛేజ్‌లో 2023 అక్టోబరు 1న 8 నిమిషాల 19.50 సెకన్లలో వచ్చి బంగారం గెలిచాడు. ఆసియా క్రీడల్లో అది కొత్త రికార్డు. ఈటె విసిరి వెండి తెచ్చిన కిశోర్ జెనా ఒడిశాలో వరి పండించే రైతు కొడుకు. ఈటెలో బంగారం తెచ్చిన అన్ను రాణి మీరట్ జిల్లా రైతు కూతురు.

అదే మీరట్ జిల్లాలో మరో రైతు బిడ్డ పారుల్ చౌదరి. ఈమె సంగతి కొంచెం నిలబడి చెప్పాలి. అక్టోబరు 3న 5000 మీటర్ల పరుగు ఆఖరికి వచ్చేసరికి జపాను అమ్మాయి ముందున్నది. చివరి కొద్ది మీటర్లలో పారుల్ దాటేసి బంగారం అందుకున్నది. ఆ ఆఖరి యాభై మీటర్లలో మనసులో ఏమున్నదో తర్వాత విలేఖర్లకు ఆమే చెప్పింది. బంగారం తెస్తే మా రాష్ట్రంలో పోలీసు డీఎస్పీ ఉద్యోగం ఇస్తారు, అది గుర్తుకొచ్చింది అన్నది. విని కొందరు నవ్వుకున్నారు. మాకు నవ్వు రాలేదు. జెండా గుర్తుకొచ్చిందని ఉంటే అందరూ చప్పట్లు కొట్టేవాళ్ళు. ఆ పిల్ల ఉన్నమాట చెప్పింది. ఊపిరి అందక గుండె పగిలిపోతున్న క్షణాన కాళ్ళను ముందుకు తోసింది నెల జీతం. మనింట్లో పదో తరగతి చదివే పిల్లను అడగండి, ఏమవుతావమ్మా అంటే ఉద్యోగం అనే చెప్తుంది, ఏ ఉద్యోగమో కూడా చెప్పదు.

ఇక్కడే అసలు విషయం ఉన్నది. సాబ్లేను ఆటగాణ్ణి చేసింది సైన్యం కొలువు. హాంగ్జౌ నాటికి పారుల్ రైల్వే ఉద్యోగి. కిశోర్ జెనా సి.ఐ.ఎస్.ఎఫ్.లో ఉన్నాడు. పేద ఇళ్ళ పిల్లలకు ఈ దేశంలో క్రీడా శిక్షణ అంటే చాలావరకు సర్కారు ఉద్యోగమే. నెలనెలా జీతం, క్యాంటీన్లో తిండి, పరుగెత్తటానికి సెలవు. మరి ఆ ఉద్యోగాలు ఏమవుతున్నాయి? ఖాళీలు నింపరు, నింపినా కాంట్రాక్టు పద్ధతి అంటారు. సైన్యంలోనే 2022 నుంచి అగ్నిపథ్ అని పెట్టి నాలుగేళ్ళ కొలువు చేశారు. నాలుగేళ్ళయ్యాక నలుగురిలో ముగ్గురు ఇంటికి రావాల్సిందే. సాబ్లేలాంటి కుర్రాడు ఈనాడు బీడ్ నుంచి బయలుదేరితే, వాడి కాళ్ళల్లో ఏమున్నదో పై అధికారులు కనిపెట్టేలోగా గడువు తీరిపోవచ్చు. ఒకచేత్తో నిచ్చెన లాగేస్తూ రెండోచేత్తో పతకాలు పట్టుకురండని అడగటం పాలకవర్గాలకే చెల్లింది.

మన తెలుగు పిల్లల సంగతీ ఇంతే. విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజీ తండ్రి కాపలా పని చేసేవాడు, తల్లి ఇళ్ళల్లోనూ ఆసుపత్రిలోనూ ఊడ్చి తుడిచి బిడ్డను పెంచింది. వంద మీటర్ల హర్డిల్సులో హాంగ్జౌలో ఒక గొడవ జరిగింది. పక్కనున్న చైనా అమ్మాయి తుపాకి పేలకముందే కదిలింది. దానికి జ్యోతిని కూడా తప్పుపట్టి బయటికి పొమ్మన్నారు అధికారులు. జ్యోతి పోలేదు. నిలబడి వాదించింది, రికార్డయిన బొమ్మ చూడమన్నది. చివరికి పరుగెత్తనిచ్చారు. మూడోదిగా వచ్చింది. తర్వాత చైనా అమ్మాయిని తీసేసి జ్యోతికి వెండి పతకం ఇచ్చారు. అంత పెద్ద మైదానంలో, పరాయి దేశంలో, నల్లకోటువాళ్ళ ముందు ఒక కూలి తల్లి బిడ్డ నా తప్పు లేదని నిలబడింది. మస్టరులో మన పేరు కొట్టేస్తే కిమ్మనకుండా ఇంటికొచ్చేవాళ్ళం ఈ ముచ్చట రెండుసార్లు చదువుకోవాలి.

అదే రోజు హెప్టాథ్లాన్‌లో, అంటే ఏడు పోటీలు కలిపి ఒకటిగా లెక్కించే ఆటలో, అగసర నందిని కంచు తెచ్చింది. తండ్రి టీ అమ్మేవాడు. ఆ అమ్మాయి తెలంగాణ సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివింది. గురుకులం అంటే ఏమిటి? మూడుపూటలా అన్నం, ఒక పడక, చదువు, ఆడుకునే చోటు. ఇంటిదగ్గర ఉంటే పత్తి ఏరటానికో మిరపకాయ కోయటానికో పోవాల్సిన వయసులో ఒక పిల్లకు ఇవి నాలుగూ దొరికితే ఏమవుతుందో చూశారుగా. అందుకే హాస్టలు మెస్ చార్జీలు పెంచమని మనం ధర్నా చేసినప్పుడు, ఊరి బడికి ఆటల మాస్టారిని వేయమని అర్జీ పెట్టినప్పుడు అది కూడా క్రీడల గురించి మాట్లాడటమే. ఆ కుర్రాడికి మీటింగులో ఈ మాట చెప్పటం మరిచాం. ఎన్ని ఊళ్ళల్లో బడి ఆటస్థలం ఎవరి కల్లంలో, ఎవరి ప్లాట్లలో కలిసిపోయిందో లెక్క తీయమని కూడా వాడికే పని అప్పగించాలి.

అన్నట్టు నూరో పతకం ఏ ఆటలో వచ్చిందో తెలుసా? ఆడవాళ్ళ కబడ్డీలో. అక్టోబరు 7న చైనీస్ తైపీ మీద 26-25, ఒక్క పాయింటు తేడా. మన చెడుగుడు. గీత గీసుకుంటే చాలు, బూట్లు కూడా అక్కర్లేదు.

మల్లయుద్ధం సంగతి రాయకుండా దాటేస్తే తప్పవుతుంది. 2018లో కుస్తీలో బజరంగ్ పునియా, వినేశ్ ఫోగట్ రెండు బంగారు పతకాలు తెచ్చారు. హాంగ్జౌలో కుస్తీలో ఆరు పతకాలొచ్చినా బంగారం ఒక్కటీ లేదు. ఆ ఏడాది జనవరిలో కుస్తీ సమాఖ్య అధ్యక్షుడు తమను లైంగికంగా వేధించాడని మహిళా మల్లయోధులు జంతర్ మంతర్ దగ్గర కూర్చున్నారు. ఏప్రిల్‌లో మళ్ళీ కూర్చున్నారు. మే 28న కొత్త పార్లమెంటు భవనం ప్రారంభం నాడే పోలీసులు వాళ్ళను రోడ్డు మీద ఈడ్చి వ్యానుల్లో వేశారు. రైతు సంఘాలు, మహిళా సంఘాలు వాళ్ళ పక్కన నిలబడ్డాయి. వినేశ్ మోకాలి గాయంతో హాంగ్జౌ పోలేకపోయింది. బంగారం రాకపోవటానికి ఇదొక్కటే కారణమని మేము అనం. సాధన చేయాల్సిన నెలలు పేవ్‌మెంటు మీద గడిచాయన్నది మాత్రం అందరి కళ్ళముందు జరిగింది.

ఇంతవరకు ఆడినవాళ్ళ సంగతి. ఆటస్థలాలు కట్టినవాళ్ళ సంగతి ఇంకా ఉన్నది. మన సంఘాలకు అన్నిటికంటే అవసరమైన భాగం ఇదే.

1982 నవంబరు, డిసెంబరుల్లో ఆసియా క్రీడలు మన ఢిల్లీలోనే జరిగాయి. అప్పూ అనే ఏనుగు బొమ్మ, రంగుల టీవీ, పి.టి. ఉష రెండు వెండి పతకాలు, హాకీలో ఆడవాళ్ళ బంగారం, ఇవన్నీ పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటాయి. మొత్తం 57 పతకాలొచ్చాయి, బంగారం 13. ఆ స్టేడియంలు, వంతెనలు, హోటళ్ళు కట్టటానికి రాజస్థాన్, ఉత్తరప్రదేశ్, ఒరిస్సాల నుంచి కూలీలను జమాదార్లు తోలుకొచ్చారు. మన పాలమూరు లేబరును గుంపు మేస్త్రీలు తీసుకుపోయే పద్ధతే, పేరు వేరు. అప్పుడక్కడ కనీస వేతనం రోజుకు 9 రూపాయల 25 పైసలు. అందులో మనిషికి రోజుకు రూపాయి చొప్పున జమాదారు కమీషను కింద మినహాయించుకుని 8 రూపాయల 25 పైసలు చేతిలో పెట్టేవాడు. ఆడవాళ్ళకైతే 7 రూపాయలే. పధ్నాలుగేళ్ళు నిండని పిల్లలూ పనిలో ఉన్నారు.

పీపుల్స్ యూనియన్ ఫర్ డెమొక్రటిక్ రైట్స్ అనే హక్కుల సంఘం ఈ సంగతులన్నీ విచారించి సుప్రీంకోర్టు న్యాయమూర్తి జస్టిస్ భగవతికి ఒక ఉత్తరం రాసింది. కోర్టు ఆ ఉత్తరాన్నే పిటిషనుగా తీసుకున్నది. క్రీడలు మొదలుకావటానికి రెండు నెలల ముందు, 1982 సెప్టెంబరు 18న తీర్పు చెప్పింది. ఏమని? కనీస వేతనం కంటే తక్కువకు పని చేయించుకుంటే అది రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన వెట్టిచాకిరీ కిందికే వస్తుంది. మెడ మీద కత్తి పెడితేనే బలవంతం అనుకోనక్కర్లేదు, ఆకలి, లేమి తరుముతుంటే గతిలేక ఒప్పుకున్నా అదీ బలవంతమే. ఈ అధికరణం సర్కారుకే గాక ప్రైవేటు మనుషులకూ వర్తిస్తుంది. అంటే కాంట్రాక్టరుకూ వర్తిస్తుంది, మన ఊరి భూస్వామికీ వర్తిస్తుంది. ఒప్పుకునే వచ్చారు కదా, నేను బలవంతపెట్టానా అనే మాట ఎన్ని పంచాయతీల్లో విన్నామో! దానికి జవాబు ఆ తీర్పులో ఉన్నది. మరుసటి ఏడు 1983లో రాజస్థాన్ కరువు పనుల కేసులో సుప్రీంకోర్టు ఇదే దారిలో పోయి, కరువు సహాయం అని పేరుపెట్టినా కనీస వేతనం ఇచ్చి తీరాలని చెప్పింది. ఢిల్లీ స్టేడియం మట్టి మోసినవాళ్ళ పోరాటం అలా చెరువు మట్టి మోసేవాళ్ళ దాకా వచ్చింది.

ఆ 57 పతకాల పేర్లు పుస్తకాల్లో ఉన్నాయి. రూపాయి పోగొట్టుకున్నవాళ్ళ పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. 2010లో కామన్‌వెల్త్ క్రీడలకు ఢిల్లీ మళ్ళీ కట్టుబడి పనులు పెట్టింది. కూలీలకు చట్టం ప్రకారం ఇవ్వాల్సినవి ఇవ్వటం లేదని అదే సంఘం ఈసారి ఢిల్లీ హైకోర్టుకు ఎక్కాల్సి వచ్చింది. తీర్పు వచ్చి 28 ఏళ్ళయినా పద్ధతి మారలేదన్నమాట.

ఇప్పుడు మూడోసారి. 2030 కామన్‌వెల్త్ క్రీడలు అహ్మదాబాదుకు ఇస్తున్నట్టు 2025 నవంబరులో ప్రకటించారు. 2036 ఒలింపిక్సు కూడా మనకే కావాలని కేంద్ర ప్రభుత్వం అడుగుతున్నది. అదే నవంబరులో, 21వ తేదీ నుంచి, నాలుగు లేబర్ కోడ్‌లను అమల్లోకి తెచ్చారు. 1982 తీర్పు ఆధారం చేసుకున్న కనీస వేతనాల చట్టం, కాంట్రాక్టు కార్మికుల చట్టం, వలస కార్మికుల చట్టం, సమాన వేతన చట్టం, అన్నిటినీ ఆ కోడ్‌లలో కలిపేసి పాత చట్టాలు తీసేశారు. 23వ అధికరణం మాత్రం రాజ్యాంగంలోనే ఉన్నది, అది ఏ కోడ్‌లోనూ కలవలేదు. ఆ తీర్పు తెలుగులో నాలుగు పేజీల కరపత్రంగా తీసి ప్రతి మండలానికీ చేర్చటం సంఘాలు వెంటనే పెట్టుకోవాల్సిన పని.

రేపు అహ్మదాబాదు పనులకని ఏ మేస్త్రీ అయినా మీ ఊరొచ్చి అడ్వాన్సు చేతిలో పెడితే, లారీ ఎక్కకముందు ఈ వివరాలు రాయించుకోండి: మేస్త్రీ పేరు, ఊరు, ఫోను నంబరు, అసలు కాంట్రాక్టరు ఎవరు, రోజుకూలి ఎంత, ఆడవాళ్ళకు ఎంత, ఓవర్‌టైము ఎంత, అడ్వాన్సు ఎలా మినహాయిస్తారు, డబ్బు మేస్త్రీ చేతికిస్తారా లేక ఎవరి ఖాతాలో వాళ్ళకు వేస్తారా. ఒక కాపీ ఇంట్లో ఉంచండి, ఒకటి సంఘం ఆఫీసులో ఇవ్వండి. పిల్లల్ని మాత్రం వెంట తీసుకుపోకండి, హాస్టల్లో సీటు కోసం మేము తిరుగుతాం.